నీళ్లు పోయే దారి

కాశీవిశ్వనాథంగారి మాటకి ఎదురు చెప్పిన మనిషి మామిడికుదురు చుట్టుపక్కల పది ఊళ్లలో లేడు. ఇరవై ఎకరాల వరి, కొబ్బరి ఉన్న మోతుబరి కాబట్టి కొందరూ, నీటి సంఘం అధ్యక్షుడు కాబట్టి ఇంకొందరూ తలూపేవారు. ఆయన బావమరిది ఆంజనేయప్రసాద్ తలూపడానికి మాత్రం ఈ రెండూ కారణాలు కావు.

ప్రసాద్‌కి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోయాడు. అక్క రమణమ్మకి అప్పటికి పెళ్లయి ఏడాది. కర్మకాండలన్నీ దగ్గరుండి జరిపించి, పదమూడో రోజున కాశీవిశ్వనాథంగారు తల్లి కూడా లేని ఆ పిల్లాణ్ణి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తన ఇంటికి తీసుకొచ్చేశారు. చదువు చెప్పించింది ఆయనే, అమలాపురం కోర్టులో ఉద్యోగంలో చేరిన రోజున దిగబెట్టింది ఆయనే, పెళ్లి చేసింది ఆయనే. అలాంటి మనిషి "ఏరా, అంతేనా?" అంటే "ఆయ్" అని ఒప్పుకోవడం తప్ప ఇంకో మాట నోటికెలా వస్తుంది? ముప్పై ఏడేళ్లొచ్చి, ఇద్దరు పిల్లల తండ్రయి, కాగితాలు సరిగ్గా లేవని ప్లీడర్లకి సైతం మొహాన చెప్పగలిగిన ప్రసాద్, బావగారి ముందు మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు. అందులో భయం పావు వంతు, ప్రేమ ముప్పావు వంతు. మా వైపు ఈ రెంటినీ కలిపి మర్యాద అంటారు. దాని మీద ఈగని కూడా వాలనివ్వరు.

2002 కార్తీకమాసం. కాశీవిశ్వనాథంగారికి యాభై మూడేళ్లు, ఒంట్లో షుగరు. డాక్టరు నడవమన్నాడని రోజూ పొద్దున్నే కాలవగట్టు వెంట, నీళ్లు ఆపి వదిలే తలుపులున్న లాకుల దాకా వెళ్లి వచ్చేవారు. ఆరు మైళ్లు. ఆ నడక చూసుకుని ఆయనకి గర్వం కూడా పెరిగింది. రంపచోడవరం అవతల ఐదు కొండల వరస ఒకటుందనీ, శిఖరం మీంచి శిఖరానికి నడుచుకుంటూ రెండు రోజుల్లో అవతలికి దిగొచ్చనీ, రాజమండ్రి కుర్రాళ్లు వెళ్లి వచ్చారనీ కాఫీ హోటల్లో ఎవరో అన్నారు. ఈ వయసులో మనవల్ల కాదులెండి అని కూడా అన్నారు. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

"కొండగట్టయినా కాలవగట్టయినా గట్టు గట్టేనయ్యా. అది కాస్త ఎత్తు, అంతే కదా! ఏరా ప్రసాదూ?"

"ఆయ్," అన్నాడు ప్రసాద్.

బయల్దేరే రోజున రమణమ్మ తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది. మాత్రల పొట్లం చేతిలో పెట్టి, ఏది ఎప్పుడు వేయాలో రెండుసార్లు చెప్పించుకుంది. "నేను వద్దంటే వినేరా ఆయన? నువ్వు పక్కనుంటావనే పంపిస్తున్నాను. ఎలా తీసికెళ్తున్నావో అలా తీసుకొచ్చి నాకు అప్పజెప్పు," అంది. తీసుకొస్తానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అందులో కష్టమేముందో కూడా ప్రసాద్‌కి తోచలేదు.

కొండ మొదట్లో ఉన్న గూడెంలో దారి చూపించడానికి అబ్బాయిరెడ్డి అనే కొండరెడ్డి తెగ మనిషి ఒప్పుకున్నాడు. నలభై ఏళ్లుంటాయి. సన్నగా, నల్లగా, మాట పొదుపుగా ఉన్నాడు. వీళ్ల సంచులు విప్పి చూశాడు. జంతికలు, కాజాలు, పులిహోర, దుప్పట్లు, టార్చిలైటు అన్నీ ఉన్నాయి. నీళ్ల సీసాలు రెండే ఉన్నాయి.

"చాలవు. మనిషికి ఐదు లీటర్లు మొయ్యాలి. మీద నీళ్లుండవు," అన్నాడు.

కాశీవిశ్వనాథంగారికి నవ్వాగలేదు. "కోనసీమ వాణ్ణి పట్టుకుని నీళ్లు మొయ్యమంటాడేవిట్రా వీడు!"

నవ్వు రావడంలో ఆయన తప్పేమీ లేదు. మా కోనసీమలో నీళ్లు మోసుకుని ప్రయాణం చేసినవాణ్ణి ఎవరూ చూడలేదు. దాహమేస్తే ఎవరి వాకిట్లో నిలబడినా చెంబుతో మంచినీళ్లొస్తాయి, తెలిసినవాళ్లయితే బొండం కొట్టిస్తారు. దారి తప్పినా భయం లేదు. కాలవ పట్టుకుని దిగువకి నడిస్తే లాకులొస్తాయి, లాకుల దగ్గర ఊరుంటుంది, ఊళ్లో చుట్టమో చుట్టానికి చుట్టమో ఉంటాడు. నీళ్లు పోయే చోటికి మనుషులు పోతారు, మనుషులున్న చోటికే నీళ్లు వస్తాయి. పుట్టినప్పటి నుంచీ చూసింది అదే. దాన్ని ఎవడైనా కాదంటాడని ఊహించడం కూడా కష్టం.

అబ్బాయిరెడ్డి తన ఐదు లీటర్ల క్యాను నింపుకుని భుజాన వేసుకున్నాడు.

మొదటి రోజు రెండు శిఖరాలు దాటారు. మొదటిది బోడికొండ, రెండోది నెమలికొండ. వాటి మధ్య నడక నిజంగానే గట్టు మీద నడకలా ఉంది. బారెడు వెడల్పు దారి, అటూ ఇటూ పల్లం. కాకపోతే మన గట్టుకి అటూ ఇటూ ఉండేది చేలు. ఇక్కడ రెండు వైపులా మబ్బు. కిందేముందో కనిపించదు, ఎంత లోతో తెలియదు. ప్రసాద్ ముందు నడుస్తున్న బావగారి మడమలనే చూస్తూ నడిచాడు. ఎక్కడా మోటారు చప్పుడు లేదు, కోడి కూత లేదు, ఎవరో ఎవర్నో పిలిచే గొంతు లేదు. మనుషుల చప్పుడు వినపడని చోట తను ఒక్క పూట కూడా బతకలేదని ప్రసాద్‌కి అప్పుడే తెలిసింది. బావగారికీ అలాగే ఉందేమో, ఆ పూట మామూలుకన్నా ఎక్కువ మాట్లాడారు. గొంతు కూడా పెద్దది చేశారు. ఆ మాటలు మబ్బులోకి పోయేవి తప్ప, ఏ కొండకీ తగిలి తిరిగి వచ్చేవి కావు.

రాత్రి ఒక రాతి చాటున పడుకున్నారు. తెల్లారేసరికి వీళ్ల సీసాలు రెండూ ఖాళీ. షుగరు మనిషికి దాహం మామూలుగానే ఎక్కువ. దాని మీద జంతికల ఉప్పు. అబ్బాయిరెడ్డి క్యానులోంచి తాగుతూ రెండో రోజు పొద్దున్న తొమ్మిదింటికి మూడో శిఖరం ఎక్కేసరికి ఆ క్యానూ అడుగంటింది.

అక్కడ కాశీవిశ్వనాథంగారు కూలబడ్డారు. మొహం పాలిపోయి ఉంది, పెదాలు తెల్లగా పగిలాయి. ప్రసాద్ మాత్ర తీసి చేతిలో పెడితే, మింగడానికి గొంతులో తడి లేదు. ప్రసాద్‌కి అక్క మొహం గుర్తొచ్చింది.

సరిగ్గా అప్పుడు ఎడమ చేతి వైపు పల్లంలోంచి నీళ్ల చప్పుడు వినిపించింది. పెద్దది కాదు. తూము దగ్గర నీరు జారే చప్పుడంత.

"అదుగో!" కాశీవిశ్వనాథంగారి కళ్లలోకి ప్రాణం వచ్చింది. "నీళ్లుండవన్నాడు! ఆ వాగు పట్టుకుని దిగితే నీళ్లకి నీళ్లు, ఊరికి ఊరు. పదండి."

"కాదు," అన్నాడు అబ్బాయిరెడ్డి.

ఆ మాట అంత సులువుగా అనేయవచ్చని ప్రసాద్‌కి తెలియదు.

"ఏవిటయ్యా కాదు?"

"అది దారి కాదు. నీళ్లు కిందికి దూకేస్తాయి. మనిషి దూకలేడు."

"ముప్పై ఏళ్ల నుంచి నీళ్లతో కాపురం చేస్తున్నాను. నీళ్ల సంగతి నాకు చెబుతున్నావా?"

"నీ ఊళ్లో నీళ్లు వేరు," అన్నాడు అబ్బాయిరెడ్డి, కోపం లేకుండానే. "నాలుగో కొండ పక్కన కాస్త దిగువన ఊట ఉంది. నేను పోయి క్యాను నింపుకుని రెండు గంటల్లో వస్తాను. మీరిక్కడ కూర్చోండి." క్యాను భుజానికెత్తుకుని, ప్రసాద్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇతన్ని కదలనివ్వకు. కూర్చోబెట్టు."

"ఆయ్," అన్నాడు ప్రసాద్.

అబ్బాయిరెడ్డి మబ్బులోకి నడిచి మాయమైన పావుగంటకి కాశీవిశ్వనాథంగారు లేచి నిలబడ్డారు. పంచె ఎగ్గట్టారు. "వాడొచ్చేలోపు మనం తాగేసి, సీసాలు నింపుకుని రావొచ్చురా. ఊరికే కూర్చుని నాలుక పీక్కోవడమెందుకు? ఏవంటావు?"

వద్దండీ బావగారూ. రెండే మాటలు. ప్రసాద్ లోపల ఆ రెండు మాటలూ తయారుగానే ఉన్నాయి. ఆ పెద్దాయన పగిలిన పెదాల వంక చూశాడు. ఆయన ఏవంటావు అని అడిగినప్పుడల్లా అది ప్రశ్న కాదని ఇరవై ఎనిమిదేళ్లుగా తెలుసు.

"ఆయ్," అని సంచి తీసుకున్నాడు.

గంటలోపే వాగు దొరికింది. చల్లటి నీళ్లు, అద్దంలా ఉన్నాయి. కాశీవిశ్వనాథంగారు దోసిళ్లతో తాగి, తల మీద పోసుకుని, తడిసిన మీసాలు దువ్వుకుంటూ నవ్వారు. ఆ నవ్వు చూసి ప్రసాద్‌కి కూడా, ఏమో, ఆయనదే రైటేమో అనిపించింది. ఇంక పైకి పోదామనే మాటే లేదు. నీళ్లు పోయే వైపే నడక. వాగు మొదట మంచిగానే ఉంది, అటూ ఇటూ ఇసుక, చదును. అరగంట పోయేసరికి ఇసుక పోయి బండలొచ్చాయి. ఒడ్డులు దగ్గరపడ్డాయి. రెండు పక్కలా రాయి గోడలా లేచి, ఆకాశం పట్టీ అంత మిగిలింది. వాగు కూడా మాట మార్చింది. ఇందాకటి గలగల లేదు. ముందెక్కడో లోతు నుంచి ఒక హోరు, ఆగకుండా వస్తోంది.

"లాకుల దగ్గర హోరు ఇలాగే ఉంటుంది," అన్నారు కాశీవిశ్వనాథంగారు ఉత్సాహంగా. ఆ మాట పూర్తవుతుండగానే నాచు పట్టిన బండ మీద కాలు జారింది.

పడ్డ చప్పుడుకన్నా ముందు ఎముక చప్పుడు వినిపించింది. కుడికాలి మడమ పక్కకి తిరిగిపోయింది. ఆయన అరవలేదు. పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ, బండకి ఆనుకుని కూర్చున్నారు. ప్రసాద్ కండువా చింపి కట్టు కట్టాడు.

ఈ పాటికి అబ్బాయిరెడ్డి నీళ్లతో మూడో కొండ మీదికి తిరిగి వస్తూ ఉంటాడు. పైకెక్కి అతన్ని పిలుచుకురావాలి. దారి అదొక్కటే. ప్రసాద్‌కి అది పట్టపగల్లా తెలుసు.

"నేను వెళ్లి మనుషుల్ని..."

"వెళ్లు. దిగువకి వెళ్లు," అన్నారు కాశీవిశ్వనాథంగారు. "పైకెళ్లి ఆ ఒక్కణ్ణీ తెస్తే నన్నెవడు మోస్తాడు? వాగు పట్టుకుని పో. మైలు దూరంలో ఊరుంటుంది, నువ్వు చూడు కావలిస్తే. నలుగుర్ని, ఓ మంచాన్ని పట్టుకురా. ఊరు కనపడగానే అక్కణ్ణించి ఓ కేకెయ్యి, నేను ధైర్యంగా ఉంటాను. సరేనా?"

నొప్పితో ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ కళ్లతో ప్రసాద్ మొహంలోకి చూస్తున్నారు. ఇలాంటప్పుడు కాదంటే ఆయనకి నొప్పి మీద నొప్పి కదా అనుకున్నాడు ప్రసాద్. కోపం తెచ్చుకుంటారు, కోపంలో లేవబోతారు. తెలివైనవాడు చేసే పనేమిటి? ఔననాలి, చెయ్యాల్సింది చెయ్యాలి. మనుషుల్ని తెచ్చాక ఎటు నుంచి తెచ్చావని ఎవరడుగుతారు?

"ఆయ్. దిగువకే వెళ్తానండి. కేకేస్తానండి."

బావగారు చూస్తుండగా దిగువకే నడిచాడు. మలుపు తిరిగి, ఆయనకి కనపడని చోటికి వచ్చాక, పక్కనున్న బండల సందులోంచి గట్టెక్కి, చెట్ల చాటున పైకి ఎక్కడం మొదలుపెట్టాడు. బావగారికి తల మీదుగా వెళ్తున్నప్పుడు ఒక్క పుల్ల కూడా విరగకుండా, దొంగలా అడుగులో అడుగు వేశాడు.

ఎక్కడానికి గంటన్నర పట్టింది. మూడో కొండ మీద అబ్బాయిరెడ్డి క్యాను పక్కన పెట్టుకుని నిలబడే ఉన్నాడు. ఇద్దరూ కూర్చున్న చోట గడ్డి నలిగి ఉండటం చూసి, ఎటు పోయారో అతను అప్పటికే అర్థం చేసుకున్నాడు. ప్రసాద్ రొప్పుతూ జరిగిందంతా చెప్పాడు. అబ్బాయిరెడ్డి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"అక్కడే కూర్చోమని చెప్పావా?"

"కాలు విరిగింది. ఎక్కడికి పోగలరు?"

"అది కాదు. నువ్వు పైకి వస్తున్నావని అతనికి తెలుసా?"

అబ్బాయిరెడ్డి అతని మొహం వంక ఒక్క క్షణం చూసి, క్యాను అక్కడే వదిలేసి, పరుగు లాంటి నడకతో పల్లంలోకి దిగాడు.

దిగుతున్నంత సేపూ ప్రసాద్ మనసులో ఒకటే లెక్క. గంటన్నర ఎక్కడానికి, ముప్పావుగంట దిగడానికి. రెండుంబావు గంటలు. రెండుంబావు గంటల పాటు ఆ మనిషి బండకి ఆనుకుని, దిగువ వైపు చెవి పెట్టి, రాని కేక కోసం వింటూ ఉంటారు. మొదట ధైర్యంగా ఉంటారు. తర్వాత విసుక్కుంటారు. ఆ తర్వాత? వెళ్లినవాడు అల్లాటప్పా మనిషి కాదు, సైకిలు కడ్డీ మీద ఇంటికి తెచ్చుకున్న పిల్లాడు. వాడు వేస్తానన్న కేక వెయ్యలేదంటే ఆయన ఏమనుకుంటారు?

బండ దగ్గర ఎవరూ లేరు.

చింపిన కండువా ముక్క ఒకటి పడి ఉంది. ప్రసాద్ ఆయన దగ్గర వదిలి వెళ్లిన మాత్రల పొట్లం బండ మీద ఉంది. తడి మట్టిలో రెండు అరచేతుల గుర్తులు, వాటి మధ్య ఏదో ఈడ్చినట్టు గాడి. మళ్లీ రెండు చేతులు, మళ్లీ గాడి. కూర్చునే జరుగుతూ, విరిగిన కాలు ముందుకి చాచుకుని, ఒక మనిషి దిగువకి వెళ్లాడు. నీళ్లు పోయే వైపుకి. ప్రసాద్ తిరిగిన మలుపు వైపుకే.

"అంత నొప్పితో అటెందుకు పోయాడు?" అన్నాడు అబ్బాయిరెడ్డి తనలో తను.

అప్పుడు వినిపించింది. హోరు మధ్య నుంచి, సన్నగా, కిందెక్కడి నుంచో.

"ప్రసాదూ... ఒరేయ్ ప్రసాదూ... ఎక్కడ పడిపోయేవురా... వస్తున్నాను ఉండు..."

ప్రసాద్ ఒళ్లంతా నోరై అరిచాడు. "బావగారూ! ఆగండి! కదలొద్దు! నేనిక్కడ పైనున్నాను! వద్దు, వద్దు బావగారూ!"

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని వద్దనడం అదే మొదటిసారి. ఆ మాట ఆయన దాకా చేరలేదు. నీళ్లు దూకే చోటుకి దగ్గరగా ఉన్నవాడికి నీళ్ల చప్పుడు తప్ప ఇంకేదీ వినపడదట. అది అబ్బాయిరెడ్డి తర్వాత చెప్పాడు.

"వస్తున్నానురా..." అని ఇంకోసారి వినిపించింది. ఆ తర్వాత హోరొక్కటే మిగిలింది.

ప్రసాద్ పరుగెత్తాడు. ఆఖరి బండ దగ్గర అబ్బాయిరెడ్డి వెనక నుంచి చొక్కా పట్టుకుని ఆపకపోతే అతనూ వెళ్లిపోయేవాడు. నీళ్లు అక్కడ బండ అంచు నుంచి నిలువునా జారిపోతున్నాయి. అంచున నాచు మీద రెండు అరచేతులు గీసుకుపోయిన గుర్తులున్నాయి. కింద, ఎక్కడా ఊరు లేదు. అడవి మీద అడవి.

గూడెం నుంచి ఆరుగురు మనుషులొచ్చి, వేరే దారిన చుట్టు తిరిగి దిగి, దుప్పటి కర్రకి కట్టి ఆయన్ని మోసుకొచ్చారు. మూడు కొండలూ మళ్లీ ఎక్కి దిగారు. ప్రసాద్ ఒక భుజం పడతానంటే వాళ్లు ఒప్పుకోలేదు. నడక రాదు, పడిపోతావన్నారు.

పదకొండో రోజు దాకా రమణమ్మ తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. వచ్చినవాళ్లందరూ ఆవిడ ముందే ప్రసాద్‌ని ఓదార్చారు. నువ్వేం చేస్తావు నాయనా, ఆయన ఒకరి మాట వినే మనిషా అన్నారు. ప్రసాద్ తల వంచుకుని విన్నాడు. ఆ మాట చాటున బతికినంత కాలం దాక్కోవచ్చు. ఎవరూ వెతకరు. ఆ సంగతి అతనికి అర్థమైంది, అర్థమైనందుకే భయం వేసింది.

జనం పలచబడ్డాక ఆవిడ అడిగింది. "ఆఖర్న ఏవన్నా అన్నారా?"

"నన్ను పిలిచేరక్కా."

"నువ్వు పక్కన లేవా?"

చెప్పాడు. కోర్టులో సాక్షి చెప్పినట్టు మొదట్నుంచీ చివరిదాకా, ఏదీ దాచకుండా చెప్పాడు. కొండ మీద కూర్చోబెట్టలేకపోవడం చెప్పాడు, దిగువకి వెళ్తానని చెప్పి పైకెక్కడం చెప్పాడు, పుల్ల విరగకుండా నడవడం చెప్పాడు, ఆ పిలుపు చెప్పాడు. చెప్పడం అయిపోయాక, కొట్టినా బాగుండును, గుమ్మం దిగిపొమ్మన్నా బాగుండును అనుకుంటూ కూర్చున్నాడు.



"పైకెళ్తానని చెబితే ఏం చేసేవారురా?" అంది రమణమ్మ. గొంతులో కోపం లేదు, నిజంగా తెలియక అడుగుతున్నట్టే ఉంది. "నీకు తెలీదు. నువ్వెప్పుడూ ఆయన్ని కాదనలేదుగా. నేను కాపురానికొచ్చినప్పణ్ణించీ కాదంటూనే ఉన్నాను. కోప్పడేవారు. నాలుగు కేకలేసేవారు, అన్నం మానేసేవారు. సాయంత్రానికల్లా మర్చిపోయేవారు తమ్ముడూ."